ఇంటిల్లిపాదికీ ఒకటే పాస్‌వర్డ్

ప్రశ్న: నమస్కారమండీ. మాది పలాస. జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. మా ఆయన హైదరాబాద్‌లో పని చేస్తారు. ఇంట్లో నేను, మావయ్యగారు, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి ఉంటాం. పోయిన నెల అమ్మాయికి ఇన్‌స్టాగ్రామ్‌లో స్నేహితురాలి నుంచి మెసేజి వచ్చింది, డాన్స్ పోటీలో ఉన్నాను, ఓటు వెయ్యవే అని. లింకు నొక్కింది, అక్కడ అడిగితే పాస్‌వర్డ్ కొట్టింది. రాత్రికే ఖాతా పోయింది. భయపడి రెండు రోజులు మాకు చెప్పలేదు. ఈలోగా దాని పేరుతో చుట్టాలందరికీ అర్జంటుగా డబ్బు కావాలని మెసేజిలు వెళ్ళాయి. సోంపేటలో ఉండే మా చిన్నత్త 8 వేలు ఫోన్‌పే చేసేసింది. తర్వాత నా జీమెయిల్ కూడా ఎవరో తెరిచారు. అది నా ఫోన్‌లో ఉండబట్టి పాస్‌వర్డ్ మార్చి దక్కించుకున్నాం. ఇన్‌స్టాగ్రామ్ ఇంకా రాలేదు. మా ఇంట్లో అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్: అమ్మాయి పేరు, పుట్టిన సంవత్సరం. గట్టిది పెట్టుకోవాలి, ఎక్కడా రాయకూడదు, మూడు నెలలకోసారి మార్చాలి అని తెలిసినవాళ్ళు అంటున్నారు. అన్నన్ని నాకు గుర్తుండవండీ. మా ఆయనైతే పిల్ల దగ్గర ఫోన్ లాగేసుకోమంటున్నారు. ఏటి చెయ్యమంటారు?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు, పలాస

సమాధానం: అమ్మా, ముందు మీ చిన్నత్తగారి 8 వేల సంగతి చూద్దాం. నెల గడిచిపోయింది, ఇంకేం వస్తుందిలే అని ఊరుకోవద్దు. ఇవాళే ఆవిడ చేత 1930కి ఫోన్ చేయించండి. సైబర్ మోసాల్లో డబ్బు పోగొట్టుకున్నవాళ్ళ కోసం దేశమంతటికీ ఉన్న నంబరు అది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో రాసి కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆ రోజు డబ్బు పంపినప్పుడు వచ్చిన 12 అంకెల లావాదేవీ నంబరు, ఎవరి ఖాతాకి వెళ్ళిందో ఆ వివరం, అమ్మాయి పేరుతో వచ్చిన మెసేజి స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకోమనండి. ఫిర్యాదు నమోదైతే డబ్బు చేరిన బ్యాంకుకి కబురు వెళుతుంది. సొమ్ము అక్కడే ఉంటే ఆపుతారు. మొదటి గంటల్లో చేస్తే ఆగే అవకాశం ఎక్కువ, నెల దాటాక బాగా తక్కువ. అయినా చేయమంటున్నాను. ఆ ఖాతాకి మీ చిన్నత్తగారిలాంటివాళ్ళు ఇంకెందరో పంపి ఉంటారు. ఫిర్యాదులు పోగుపడితేనే అలాంటి ఖాతాలు మూతపడతాయి. ఇంకొకరి పాస్‌వర్డ్‌ని మోసంతో వాడుకోవడం ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద నేరం, మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. మీ అమ్మాయి ఖాతా పోవడం మీద కూడా విడిగా ఫిర్యాదు ఇవ్వండి. ఆ పేరుతో రేపు ఇంకెవరినైనా మోసగిస్తే ఆ కాగితం మీకు అండగా ఉంటుంది.

చిన్నత్తగారిని ఎవరూ ఏమీ అనవద్దు. మన శ్రీకాకుళం జిల్లాలో ఇంటి మనిషి హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో, చేపల వేటకి గుజరాత్ వేరావల్‌లోనో ఉండటం మామూలే. డబ్బు మాటలన్నీ ఫోన్‌లోనే నడుస్తాయి. అర్జంటుగా పంపు అన్న మెసేజి మన ఇళ్ళలో వింత కాదు, దొంగ దాన్నే వాడుకున్నాడు. ఇకమీదట మీ చుట్టాలందరికీ ఒక కట్టుబాటు చెప్పండి. మెసేజిలో ఎవరు డబ్బు అడిగినా తిరిగి ఫోన్ చేసి గొంతు వినాలి. ఆ ఫోన్ కూడా మెసేజిలో ఇచ్చిన నంబరుకి కాదు, ఎప్పటినుంచో మన దగ్గరున్న నంబరుకి చేయాలి.

ఇక అమ్మాయి. మీ వారికి నా మాటగా చెప్పండి, ఫోన్ లాక్కోవద్దని. లింకు నొక్కిన ఆ నిమిషం కంటే మీకు ఎక్కువ నష్టం చేసినవి, భయపడి దాచుకున్న ఆ రెండు రోజులు. ఆ రాత్రే చెప్పి ఉంటే చుట్టాలకి కబురు వెళ్ళేది, మీ జీమెయిల్ పాస్‌వర్డ్ మారేది, 8 వేలూ మిగిలేవి. ఇప్పుడు శిక్షిస్తే పిల్లకి వంటబట్టేది ఒక్కటే, ఈసారి ఇంకా జాగ్రత్తగా దాచాలని. పదహారు పదిహేడేళ్ళ పిల్ల స్నేహితురాలి పేరు చూసి నమ్మింది. ఆ స్నేహితురాలి ఖాతా కూడా అంతకుముందే ఇలాగే పోయి ఉంటుంది, ఈ మోసం నడిచే తీరే అది. దగ్గర కూర్చోబెట్టుకుని, ఏదైనా తేడా అనిపిస్తే అర్ధరాత్రి అయినా నన్ను లేపు, తిట్టను అని చెప్పండి. చెప్పాక ఆ మాట మీద నిలబడండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గట్టి పాస్‌వర్డ్ పెట్టుకోలేదని మిమ్మల్ని మీరు నిందించుకుంటున్నారు. మీ ఇంట్లో జరిగినదాన్ని ఒకసారి విడదీసి చూడండి. ఓటు వేయమన్న లింకు తెరిస్తే ఇన్‌స్టాగ్రామ్‌లాగే కనిపించే దొంగ పేజీ వచ్చింది. అక్కడ కొట్టిన అక్షరాలు నేరుగా దొంగకి చేరాయి. పేరు, సంవత్సరం బదులు ఇరవై అక్షరాల గజిబిజి కొట్టి ఉన్నా ఆ ఇరవై అక్షరాలూ అలాగే చేరేవి. అంటే మొదటి దెబ్బని ఏ గట్టి పాస్‌వర్డూ ఆపేది కాదు. రెండో దెబ్బ, అంటే మీ జీమెయిల్ తెరుచుకోవడం మాత్రం ఆగేది. పిల్ల ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డే తల్లి జీమెయిల్‌కి కూడా ఉండబట్టి అది జరిగింది. అందుకే నేను ఎవరికైనా మొదట చెప్పేది, ఒకచోటి పాస్‌వర్డ్ ఇంకోచోట ఉండకూడదని. గట్టిదనం గురించి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

మీరేమీ నొక్కకపోయినా పాస్‌వర్డ్ బయటికి పోయే దారి ఇంకొకటుంది. 2009లో రాక్‌యూ అనే అమెరికా కంపెనీ నుంచి 3 కోట్ల 20 లక్షలకు పైగా పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. ఆ కంపెనీ వాటిని ఏ రహస్య లిపిలోకీ మార్చకుండా ఉన్నవి ఉన్నట్టు దాచింది. అందులో అందరికంటే ఎక్కువమంది పెట్టుకున్నది 123456. గట్టివి పెట్టుకున్నవాళ్ళూ అందులో ఉన్నారు, వాళ్ళవీ పోయాయి. మన దేశంలో 2020లో బిగ్‌బాస్కెట్ నుంచి దాదాపు 2 కోట్ల మంది వివరాలు బయటికి పోయాయి. ఇలా పోయిన ఈమెయిలు, పాస్‌వర్డ్ జంటల్ని దొంగలు ఒక ప్రోగ్రాముకి అప్పగిస్తారు. అది మనిషి చేయి పడకుండా అవే జంటల్ని ఇంకో వెబ్‌సైట్‌లో, మరో వెబ్‌సైట్‌లో వరసగా కొట్టి చూస్తుంది. ఎప్పుడో ఒకసారి చీర కొనడానికి తెరిచి మరిచిపోయిన ఖాతా, మీ ఈమెయిలుకి దారి చూపించేది ఇలాగే.

పేరు, పుట్టిన సంవత్సరం అలవాటు మనకి ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే దీనికి మిమ్మల్ని ఒక్కరినే అనడం అన్యాయం. డౌన్‌లోడ్ చేసిన ఈ-ఆధార్ ఫైలు తెరవాలంటే ఏం కొట్టాలి? ఇంగ్లీషు పెద్దక్షరాల్లో పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. బ్యాంకులు ఈమెయిలు చేసే స్టేట్‌మెంట్లకీ చాలాచోట్ల ఇలాంటి సూత్రమే. అవి ఒక ఫైలు మీద వేసే తేలికపాటి తాళాలు. కానీ జనం వాటిని చూసే పాస్‌వర్డ్ అంటే ఇలా ఉండాలి కాబోలు అనుకున్నారు. పేరు చివర ఎట్ గుర్తు, 123 పెట్టేది కూడా అంతే, ఎవరో ఒకరు మొదట అలా పెట్టిచ్చారు, అదే పద్ధతైపోయింది. మీ అమ్మాయి పేరు, పుట్టినరోజు కేకు ఫోటో ఇన్‌స్టాగ్రామ్‌లోనే ఉంటాయి కదమ్మా. ఊహించడానికి దొంగ కూడా అక్కర్లేదు, పక్కింటి కుర్రాడు చాలు.

మన వైపు ఇంకో అలవాటు, సొంత ఫోన్ నంబరునే పాస్‌వర్డ్‌గా పెట్టుకోవడం. పది అంకెలుంది కదా, ఎవరు కనుక్కుంటారని. 6, 7, 8, 9లతో మొదలయ్యే పది అంకెల నంబర్లు మొత్తం కలిపి 400 కోట్లు. ఏదైనా కంపెనీ పాస్‌వర్డ్‌లని పాతకాలపు బలహీనమైన పద్ధతిలో దాచి అవి బయటపడితే, గేమ్‌లాడే కంప్యూటర్‌లో ఉండే ఒక్క మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకి వేల కోట్ల ఊహల్ని సరిచూసేయగలదు. దేశంలో ఉండగలిగిన ఫోన్ నంబర్లన్నీ అయిపోవడానికి సెకను పట్టదు. పుట్టినతేదీ అయితే మరీ అన్యాయం, నూరేళ్ళ తేదీలన్నీ కలిపినా 36,525.

సరే, ఇప్పుడు చేయాల్సిన పని. ఒక ఆదివారం పొద్దున్న రెండు గంటలు పెట్టుకోండి. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి, తనకి చేయి తిరుగుతుంది, మీకు తోడుగా ఉంటుంది.

మొదలుపెట్టాల్సింది జీమెయిల్‌తో. బ్యాంకు కదా ముందు అనిపిస్తుంది. కానీ దాదాపు ప్రతి ఖాతాకీ పాస్‌వర్డ్ మరిచిపోయాను అనే బటన్ ఉంటుంది, అది నొక్కితే కొత్తది పెట్టుకునే లింకు ఈమెయిలుకే వస్తుంది. మీ ఈమెయిలు చేతిలో ఉన్నవాడికి మీ మిగతా పాస్‌వర్డ్‌లేవీ తెలియనక్కర్లేదు, ఒక్కొక్కటీ కొత్తవి పెట్టుకుంటూ పోగలడు. పైగా మీ ఫోన్‌లో పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా అని అడిగినప్పుడల్లా సరే అని నొక్కి ఉంటే, అవన్నీ మీ గూగుల్ ఖాతాలోనే చేరి ఉంటాయి. జీమెయిల్ పాస్‌వర్డ్ తెలిసినవాడు వాటినీ చూడగలడు.

పాస్‌వర్డ్ మార్చి వెనక్కి తెచ్చుకున్నాం అన్నారు. మంచిదే, కానీ పని అక్కడితో అయిపోలేదు. లోపలికి వచ్చినవాడు పోతూ పోతూ ఏమైనా వదిలిపోయాడేమో చూడాలి. గూగుల్ ఖాతా సెట్టింగుల్లో సెక్యూరిటీ అనే చోట, ఏయే ఫోన్లలో, కంప్యూటర్లలో మీ ఖాతా తెరిచి ఉందో కనిపిస్తుంది. మీవి కానివన్నీ తీసేయండి. అక్కడే రికవరీ ఫోన్, రికవరీ ఈమెయిలు ఉంటాయి, అంటే ఖాతా చేజారితే తిరిగి తెచ్చుకోవడానికి ఇచ్చినవి, అవి మీవేనా చూడండి. తర్వాత జీమెయిల్‌ని ఒకసారి కంప్యూటర్‌లో తెరిచి, సెట్టింగుల్లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు అనే రెండు చోట్లా చూడండి. మీకొచ్చే ప్రతి ఉత్తరం ఒక నకలు తనకి చేరేలా పెట్టుకుని పోయే దొంగలుంటారు. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా ఆ నకళ్ళు పోతూనే ఉంటాయి. ఫోన్‌లోని యాప్‌లో ఇది కనిపించదు, అందుకే కంప్యూటర్ అన్నాను. మీ ఫ్యాక్టరీ ఆఫీసు కంప్యూటర్‌లో చూస్తే పని కాగానే సైన్ అవుట్ చేయడం మరవకండి.

రికవరీ ఫోన్ దగ్గర ఇంకాస్త ఆగాలి. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ నుంచి ఇచ్ఛాపురం దాకా, మన జిల్లాలో చాలామందికి మొదటి ఈమెయిలు పుట్టింది నెట్ సెంటర్‌లోనే. స్కాలర్‌షిప్‌కో, కౌన్సెలింగ్‌కో, ఉద్యోగం అప్లికేషన్‌కో ఈమెయిలు కావాలంటే సెంటర్‌లో కుర్రాడే తయారుచేసి, పాస్‌వర్డ్ పెట్టి, చిన్న కాగితం ముక్క మీద రాసిచ్చాడు. మనం ఆ పాస్‌వర్డే ఇన్నేళ్ళూ వాడాం. తొందరలో రికవరీ నంబరు కూడా తనదే పెట్టిన సందర్భాలుంటాయి. వాళ్ళు దొంగలని నేననడం లేదు. వాళ్ళు లేకపోతే ఎంతోమంది పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోయేది. కానీ మీ ఖాతాకి తాళం ఇంకొకరి దగ్గర ఉండకూడదు. అలాగే మీరు మానేసిన పాత సిమ్ నంబరు అక్కడ ఉంటే వెంటనే తీసేయండి. మూసేసిన నంబరుని కనీసం 90 రోజులు ఆగి కంపెనీలు వేరేవాళ్ళకి ఇచ్చేస్తాయి. అప్పుడు మీ ఖాతాకి రావాల్సిన ఓటీపీ ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఫోన్‌కి పోతుంది.

ఇవి చూసుకున్నాక కొత్త పాస్‌వర్డ్. మీరు మార్చింది హడావిడిలో మార్చారు కాబట్టి అది కూడా అమ్మాయి పేరుకి దగ్గరగానే ఉండి ఉంటుంది. అయితే మళ్ళీ మార్చండి. వింత గుర్తులతో కుస్తీ పడనక్కర్లేదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మామూలు మాటలు వరసగా పెట్టండి. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన దీనికొక పద్ధతి చెప్పాడు. 7,776 మాటల జాబితా, ఒక్కో మాటకి ఐదుసార్లు పాచిక వేయడం, పడిన అంకెల్ని బట్టి మాట తీసుకోవడం. అలా తీసిన నాలుగు మాటలకే 36 కోట్ల కోట్లకు పైగా కలయికలుంటాయి. మీ ఇంట్లో ఆ జాబితా లేకపోయినా, అమ్మాయి తెలుగు వాచకమో, ఏదైనా లావుపాటి పుస్తకమో తీసుకుని కళ్ళు మూసుకుని ఐదు వేరువేరు పేజీలు తెరిచి వేలు పెట్టండి. వేలు కింద పడిన మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. కంచం, గొడుగు, రైలు, చిలకడదుంప, ముగ్గు లాంటివేవో వస్తాయి. దయచేసి ఇక్కడ రాసినవి మాత్రం వాడకండి. మీకు నచ్చిన పాట పల్లవి, సామెత, శ్లోకం, ఊరి పేరు కూడా వద్దు. బుర్రలోంచి ఎంచుకునేది ఎప్పుడూ తెలిసినదే వస్తుంది, వేలు ఎంచినది అలా రాదు. ఏదైనా వెబ్‌సైట్ పెద్దక్షరం, అంకె, గుర్తు ఉండాలని పట్టుబడితే మొదటి అక్షరాన్ని పెద్దది చేసి, చివర ఒక అంకె, ఒక గుర్తు తగిలించండి, సరిపోతుంది.

రాయకూడదు అని మీకు చెప్పినవాళ్ళతో నేను ఒప్పుకోను. రాసుకోండమ్మా. ఒక మంచి అట్ట ఉన్న నోటు పుస్తకం కొని, ఒక్కో ఖాతాకి ఒక్కో పేజీ ఇచ్చి, పేరు, పాస్‌వర్డ్, ఏ ఫోన్ నంబరు ఇచ్చారో రాసి బీరువాలో పెట్టండి. మీ ఇన్‌స్టాగ్రామ్ మీద పడినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నాడో, వాడు పలాస వచ్చి మీ బీరువా తెరవడు. పుస్తకం వద్దంటే జరిగేది ఏమిటంటే, గుర్తుండదని మళ్ళీ అందరూ ఒకటే పాస్‌వర్డ్‌కి వచ్చేస్తారు. వద్దనాల్సినవి వేరే ఉన్నాయి. ఆ పేజీని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోవడం, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవడం, ఏటీఎం కార్డు కవర్ మీద పిన్ రాయడం. ఇవి మానేయండి. ఇంట్లోనే నమ్మకం లేని మనిషి ఎవరైనా ఉంటే మాత్రం పుస్తకం సలహా పనికిరాదు, ఆ ఇంటికి వేరే ఏర్పాటు కావాలి. మీ ఉత్తరం చదివితే మీ ఇంట్లో ఆ బాధ ఉన్నట్టు లేదు.

మూడు నెలలకోసారి మార్చాలన్న మాటకీ ఒక కథ ఉంది. అమెరికాలో కొలతలు, ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ నిస్ట్. అందులో పనిచేసిన బిల్ బర్ 2003లో ఒక పత్రం రాశారు. పెద్దక్షరాలు, అంకెలు, గుర్తులు కలపాలనీ, తరచూ మార్చాలనీ ప్రపంచమంతా పాకిన నియమాలకి మూలం అది. 2017లో ఆయనే, నేను రాసినవాటిలో చాలావాటికి ఇప్పుడు విచారిస్తున్నాను అన్నారు. అదే సంవత్సరం నిస్ట్ కొత్త మార్గదర్శకాల్లో, గడువు పెట్టి మార్పించవద్దని, పాస్‌వర్డ్ బయటపడిందన్న ఆధారం ఉన్నప్పుడే మార్పించాలని రాసింది. మార్చమని వెంటపడితే జనం చేసేది చివరి 1ని 2 చేయడమే. పాతది తెలిసిన దొంగకి కొత్తది ఊహించడం ఎంతసేపు? కాబట్టి మీరు ఇప్పుడు పెట్టుకునే పాస్‌వర్డ్ దేనికి దానికే వేరుగా ఉంటే, ఏ గొడవా లేనంతకాలం ఏళ్ళ తరబడి అలాగే ఉంచవచ్చు. ఏదైనా కంపెనీ నుంచి వివరాలు పోయాయని తెలిసినా, ఎక్కడైనా అనుమానపు పేజీలో కొట్టినా అదే నిమిషంలో మార్చాలి.

జీమెయిల్ పాస్‌వర్డ్‌తో పాటు రెండంచెల తనిఖీ తప్పకుండా పెట్టండి, టూ స్టెప్ వెరిఫికేషన్ అంటారు. పాస్‌వర్డ్ తెలిసినా, మీ ఫోన్ కూడా చేతిలో ఉంటే తప్ప లోపలికి రానివ్వదు. అది పెట్టినప్పుడు గూగుల్ ఒక్కోటి 8 అంకెలున్న 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. ఫోన్ పోయిన రోజు మిమ్మల్ని ఆదుకునేవి అవే, పుస్తకంలో జీమెయిల్ పేజీలోనే రాసుకోండి. ఇక్కడ ఒక్క హెచ్చరిక. ఓటు లింకులాంటి దొంగ పేజీలు ఇప్పుడు పాస్‌వర్డ్ తర్వాత ఓటీపీ కూడా అడుగుతున్నాయి. మనం ఇచ్చేస్తే రెండో అంచె కూడా వాడి చేతిలో పెట్టినట్టే.

అందుకని మీ అమ్మాయికి పుస్తకం కంటే మంచి ఉపాయం ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ వాళ్ళ పాస్‌వర్డ్ మేనేజర్ ముందే ఉంటుంది. విడిగా కావాలంటే బిట్‌వార్డెన్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. ప్రతి ఖాతాకీ అవే పొడుగాటి పాస్‌వర్డ్ తయారుచేసి, దాచి, అవసరమైనచోట అవే నింపుతాయి. పిల్ల ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అంతకంటే పెద్ద లాభం, అవి పేజీ రూపం చూసి మోసపోవు, వెబ్‌సైట్ చిరునామా చూస్తాయి. ఇన్‌స్టాగ్రామ్ అసలు చిరునామా కాకపోతే పాస్‌వర్డ్ నింపడానికి ముందుకు రావు. ఆ రోజు మీ అమ్మాయి ఫోన్‌లో అది ఉండి, ఎప్పటిలా నింపకుండా ఊరుకుంటే, ఇదేంటిలా అని పిల్ల ఒక్క క్షణం ఆగేది. పాస్‌కీ అని ఇంకొకటి వచ్చింది. ఎక్కడ కనిపిస్తే అక్కడ పెట్టుకోమనండి. వేలిముద్రతోనో ఫోన్ లాకుతోనో తెరుచుకుంటుంది. దొంగ పేజీకి చెప్పేయడానికి అసలు పాస్‌వర్డే ఉండదు.

ఇన్‌స్టాగ్రామ్ తిరిగి రావాలంటే ఇన్‌స్టాగ్రామ్ డాట్ కామ్ స్లాష్ హ్యాక్డ్ అనే వాళ్ళ సొంత పేజీలోనే ప్రయత్నించండి. అమ్మాయి మొహం కనిపించే ఫోటోలు ఆ ఖాతాలో ఉంటే వీడియో సెల్ఫీ తీయించి సరిచూస్తారు. ఖాతా తెచ్చిపెడతాం, రెండు వేలివ్వండి అని ఎవరైనా మెసేజి పెడితే వెంటనే బ్లాక్ చేయండి. ఖాతా పోయినవాళ్ళని వెతుక్కుంటూ వచ్చే రెండో బ్యాచి దొంగలు వాళ్ళు.

వాట్సాప్‌కి ఐదు నిమిషాలు చాలు. సెట్టింగుల్లో అకౌంట్ కింద టూ స్టెప్ వెరిఫికేషన్ ఉంటుంది, 6 అంకెల పిన్ పెట్టి పుస్తకంలో రాయండి. తర్వాత లింక్డ్ డివైసెస్ తెరిచి చూడండి. జిరాక్సు షాపులో ప్రింటు కోసం వాట్సాప్ వెబ్ తెరిచి, కాగితం చేతికి రాగానే అలాగే వదిలేసి వచ్చేవాళ్ళని చాలామందిని చూస్తుంటాను. ఆ కంప్యూటర్‌లో మీ సంభాషణలు తెరిచే ఉంటాయి. అక్కడ కనిపించే ప్రతి తెలియని పరికరాన్నీ లాగౌట్ చేయండి.

మావయ్యగారి గురించి మీరేమీ అడగలేదు, కానీ ఆ పాస్‌వర్డ్ ఇంటిల్లిపాదిదీ అన్నారు కాబట్టి ఆయన ఫోన్ కూడా చూడండి. ఆయన యూపీఐ పిన్, ఏటీఎం పిన్ 1234 గానీ, పుట్టిన సంవత్సరం గానీ అయితే మార్చండి. 2012లో నిక్ బెర్రీ అనే ఆయన, బయటపడిన పాస్‌వర్డ్‌లలోంచి నాలుగంకెలవి ఏరి లెక్కపెట్టాడు. నూటికి దాదాపు 11 మంది పెట్టుకున్నది 1234. పెద్దాయనకి రెండు సంగతులు నెమ్మదిగా, రెండు మూడుసార్లు చెప్పండి. డబ్బు మనకి రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ కొట్టమన్నారంటే మన డబ్బు పోతోందని అర్థం. రెండోది, ఆయనకి తెలియకుండా ఖాతాలోంచి డబ్బు పోయినట్టు మెసేజి వస్తే, కొడుకు ఫోన్ ఎత్తేదాకా ఆగకుండా బ్యాంకుకీ 1930కీ అప్పుడే చెప్పాలి. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఖాతాదారు తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాళ్ళ వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి కబురందిన మూడు పనిదినాల్లో తెలియజేసినవారి మీద ఆ నష్టం పడకూడదు. తానే పిన్ చెప్పేసి ఉంటే, బ్యాంకుకి తెలియజేసేదాకా పోయిందంతా తనదే. చిన్నత్తగారు తన చేత్తోనే పంపారు కాబట్టి ఈ ఆదేశం ఆవిడకి పనికిరాదు, ఆవిడకి దారి 1930 ఒక్కటే.

మిగతా ఖాతాల్లో బ్యాంకు, ఆధార్‌కి ముడిపడినవి, ఆఫీసువి ముందు మార్చండి. రెసిపీల యాప్, ఆటల యాప్ లాంటివి వాడినప్పుడల్లా ఒక్కోటి మార్చుకుంటూ పోవచ్చు, ఒకే రోజు అన్నీ చేయబోయి విసిగి వదిలేయడం కంటే అదే నయం. వాడనివాటిని తీసేయండి.

ఒకటి మాత్రం వాయిదా వేయవద్దు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఈ ఏడాదే ఈఏపీసెట్ దరఖాస్తు, ఆ తర్వాత కౌన్సెలింగ్, సీటు, స్కాలర్‌షిప్. ఇవన్నీ ఒక ఈమెయిలు, ఒక ఫోన్ నంబరు మీదే నడుస్తాయి. కాబట్టి దరఖాస్తు తెరుచుకోకముందే అమ్మాయికి తన పేరున, తన చేత్తో, తన ఫోన్‌లో కొత్త ఈమెయిలు తయారుచేసుకోమనండి. రికవరీ నంబరు మీది పెట్టండి. నెట్ సెంటర్‌కి వెళ్ళాల్సివచ్చినా కీబోర్డు ముందు అమ్మాయే కూర్చుని పాస్‌వర్డ్ కొట్టాలి, కాగితం మీద రాసి ఆపరేటర్‌కి ఇవ్వకూడదు. బ్రౌజర్ సేవ్ చేయమంటారా అని అడిగితే వద్దని నొక్కాలి. లేచే ముందు సైన్ అవుట్ చేసి, అక్కడ డౌన్‌లోడ్ అయిన ఆధార్, మార్కుల మెమో ఫైళ్ళని తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలి. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే రోజుల్లో ఆ లాగిన్ వివరాలు, ఓటీపీలు స్నేహితులకి కూడా చెప్పవద్దనండి. గడువులోగా ఇంకెవరైనా లోపలికి వెళ్ళి ఆప్షన్లు మార్చేస్తే, కోరుకున్న కాలేజీ చేజారాక గానీ మనకి తెలియదు.